ఎడమ మడత

గార్దెంగి వారి రెస్టారెంటులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన జెల్మీరా, దాని వీధి తలుపు గుండా లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఆమెకు తెలిసిన దారి వెనక సందులోది. అక్కడ సైకిలు గోడకు ఆనించి, చిన్న ఇనుప గేటు తోసుకుని, మూడు మెట్లు దిగితే పిండి గది. పొద్దున్నే దిగేది, మధ్యాహ్నం ఎక్కేది. పైన హాలులో ఎవరు కూర్చుంటారో, గోడల మీద ఏ బొమ్మలున్నాయో తెలుసుకోవలసిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పని మానేసి వెళ్ళేవాళ్ళకు ఒక పూట హాలులో భోజనం పెడతారు. అంతవరకు వాళ్ళతో కలిసి చెమటోడ్చినవాళ్ళే దగ్గరుండి వడ్డిస్తారు. వెంట ఒకరిని తెచ్చుకోవచ్చు. గిన్నెలు కడిగే ప్రీమో మానేసినప్పుడు భార్యను తెచ్చుకున్నాడు. ఆవిడ భోజనం అయ్యేదాకా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జెల్మీరా సెప్టెంబరులో మానేసింది. మీటరు పొడవున్న కర్రతో పిండిని అవతలి వెలుతురు కనిపించేటంత పలచగా వత్తాలంటే భుజాలు కావాలి. ఆమె కుడి భుజం ఇక లేవనని మొండికేసింది. ఆస్పత్రిలో డాక్టరు ఆమె ముఖం చూడకుండా ఎక్స్‌రే ఫిల్ము వంకే చూస్తూ, "చాలమ్మా, ఇంక చాలు" అన్నాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషికి ఆ మాట ఎక్కడెక్కడ తగులుతుందో ఆయనకు తెలియదు.

"వెంట ఎవరొస్తున్నారు?" అని వడ్డన పెద్ద ఒస్వాల్దో మొన్న ఫోనులో అడిగాడు.

"చూద్దాం" అంది.

చూడడానికి ఎవరూ లేరు. భర్త అర్రీగో పోయి ఆరేళ్ళు. పిల్లలు కలగలేదు. పక్క వాటా ఆవిడను పిలుద్దామనుకుంది గాని, ఆవిడ నోట తన పిల్లి ఊసు తప్ప మరో మాట రాదు. ఇక మిగిలింది ఒక్కరే. ఆ ఒక్కరి పేరు పద్దెనిమిదేళ్ళుగా జెల్మీరా నోటితో పలకలేదు, ప్రార్థనలో తప్ప.

భోజనానికి పిలిచిన ఆదివారం పొద్దున చర్చిలో పూజకు వెళ్ళింది. ఒకరికొకరు శాంతి సమాధానాలు చెప్పుకోండి అని గురువు అనగానే అందరూ అటూ ఇటూ తిరిగి చేతులు కలుపుకున్నారు. జెల్మీరా ముందు వరుసలోని పొడుగాటి మనిషి చెయ్యి అందుకుంది. ఆయనెవరో ఆమెకు తెలియదు. ఏటా యాభై రెండు ఆదివారాలు, ముక్కూ ముఖం తెలియనివాళ్ళతో సమాధానపడుతూనే ఉంది. 'ప్రభువా, ఇది లెక్కలోకి వస్తుందా?' అని అడిగింది. ఆమె ఇలాంటివి తరచూ అడుగుతుంది. కోపంగా కాదు, తెలుసుకుందామనే.

బయట పొగమంచు. నవంబరులో ఫెర్రారా ఊరికి అది పైబట్ట లాంటిది. కోట బురుజులు కింద సగమే ఉన్నాయి. సైకిళ్ళు కనబడవు, గంటలే వినబడతాయి. భుజం బాగాలేకపోయినా జెల్మీరా సైకిలు నడిపించుకునే వచ్చింది. అది పక్కన లేకపోతే వీధిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచదు. అలవాటు ప్రకారం వెనక సందులోనే ఆనించి, చుట్టూ తిరిగి వీధి తలుపు దగ్గరికి వచ్చింది.

ఒస్వాల్దో ఎదురొచ్చాడు. యాభై దాటినవాడు, పొట్ట కొంచెం ముందుకొచ్చినవాడు, ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసిన పళ్ళేలను మోసినవాడు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టి వంగాడు.

"దయచేయండి అమ్మగారూ. మీ కోటు ఇలా ఇప్పించండి."

"చాల్లే, వేషాలూ నువ్వూ."

"అలా అనకు అక్కా, మేడ మీంచి చిన్న గార్దెంగి గారు చూస్తున్నారు" అన్నాడు గొంతు తగ్గించి. "ఇవాళ నిన్ను అమ్మగారూ అనాలని హుకుం. పొద్దుట్నించీ అద్దం ముందు సాధన చేశాను. నోరు తిరగలేదు."

"నీ నోరు తిరక్కపోవడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు."

ఆమెను కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. తెల్లటి గుడ్డ, అద్దాల్లాంటి చెంచాలు, మూడేసి గ్లాసులు, ఇద్దరికి. నాలుగు కొమ్ములు మెలితిరిగిన ఊరి రొట్టె బుట్టలో ఉంది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. ఒస్వాల్దో ఆ కుర్చీని చూశాడు, ఆమెను చూశాడు, రెండో కంచం, గ్లాసులు తీసేశాడు. అతని పనిలో అదొక మర్యాద. ఒంటరిగా వచ్చినవాళ్ళ ఎదుట ఖాళీ కంచం ఉంచకూడదు. కాని తీసేసిన చోట గుడ్డ మీద గుండ్రటి అచ్చు మిగిలింది. జెల్మీరా దాన్ని అరచేత్తో సాపు చేసింది. పోలేదు.

చుట్టూ బల్లల నిండా జనం. ఒక బల్ల దగ్గర ఇరవై అయిదో పెళ్ళిరోజు జరుపుకుంటున్న జంట. ఇంకోచోట పరాయి దేశస్థులు ప్రతి పళ్ళేనికీ ఫొటో తీస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. కింద పిండి గదిలో ఎప్పుడూ గోల. పై నుంచి అరుపులు, నీళ్ళ చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టడం. ఇన్నాళ్ళూ ఆ గోల నుంచి ఈ నిశ్శబ్దంలోకా నేను వంట పంపింది అనుకుంది.

మొదట కొమాక్యో ఊరి మలుగు చేప ముక్క ఒకటి వచ్చింది, బొటనవేలంత. తరవాత గుటకెడు పులుసు. తరవాత ఒస్వాల్దో కొంచెం గర్వంగా, కొంచెం భయంగా, పెద్ద పళ్ళెం దించాడు.

"గుమ్మడి టోపీలు. వెన్న, సేజ్ ఆకు. నువ్వు వంక పెట్టడానికి వీల్లేదు అక్కా. ఇవాళ నువ్వు అతిథివి."

అయిదు టోపీలు. చదరపు పిండి ముక్కలో గుమ్మడి ముద్ద పెట్టి, త్రికోణంగా మడిచి, రెండు కొసలను వేలి చుట్టూ తెచ్చి అతికితే చిన్న టోపీలా వస్తుంది. జెల్మీరా జన్మలో అలాంటివి ఎన్ని చేసిందో దేవుడికే తెలుసు. చెంచా తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది.

ఎడమ కొస కుడి కొస మీదికి వచ్చి ఉంది.

అయిదింటికీ అలాగే ఉంది. ఊళ్ళో అందరూ కుడి కొసనే పైకి తెస్తారు. చెయ్యి అలాగే తిరుగుతుంది. జెల్మీరా అమ్మది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు బడిలో సిస్టర్లు ఆ చేతిని వీపు వెనక కట్టేసి కుడిచేత్తో అక్షరాలు దిద్దించారట. రాత మారింది గాని మడత మారలేదు. అమ్మ పక్కన చెరోవైపు కూర్చుని జెల్మీరా, ఆమె చెల్లెలు ఆల్బా కూడా ఎడమ మడతే నేర్చుకున్నారు. ఇద్దరిదీ కుడిచేతి వాటమే అయినా.

జెల్మీరా పనిలో చేరినప్పుడు పెద్ద గార్దెంగి ఆమె టోపీలు చూసి, "ఇవేమిటమ్మా, వెనక్కి తిరిగి కూర్చున్నాయి? నా పళ్ళెంలో అన్నీ ఒక్కలా ఉండాలి" అన్నాడు. ఆమె మార్చుకుంది. రెస్టారెంటులో కుడి మడత, ఇంట్లో పండక్కి ఎడమ మడత. అమ్మ బతికినన్నాళ్ళూ అలా సాగింది. అమ్మ పోయిన ఏడాది, క్రిస్మస్ ముందురోజు ఆల్బా ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ పిండి పలక ముందు కూర్చున్నారు. మాటల్లో పడి జెల్మీరా చూసుకోలేదు. వేళ్ళు వాటంతటవే రెస్టారెంటు మడత వేసుకుపోయాయి.

ఆల్బా చూసింది. "ఇవి మనవి కావు. మీ దొరలకి పట్టుకెళ్ళు" అంది.

పొరపాటైందని ఒక్క మాటంటే సరిపోయేది. జెల్మీరా అనలేదు. "అమ్మ చెయ్యి వంకర కాబట్టి మడత వంకరొచ్చింది. తప్పుని పట్టుకుని ఆచారమంటావా?" అంది.

ఆల్బా లేచి, జెల్మీరా చేసిన టోపీలన్నిటినీ మోచేత్తో ఊడ్చి, కోళ్ళకు మిగుళ్ళు వేసే కుండలో పడేసింది.

అంతే. అప్పటినుంచి సంతలో ఎదురుపడితే ఒకరు చేపల వైపు, ఒకరు పూల వైపు తిరిగిపోయేవారు. అర్రీగో అంత్యక్రియలకు ఆల్బా వచ్చిందో లేదో కూడా జెల్మీరాకు తెలియదు. చర్చి వెనక వరుసలో నల్ల గుడ్డ కప్పుకున్న మనిషి ఒకరు కనబడ్డారు. తిరిగి చూసేటప్పటికి లేరు.

ఇప్పుడు ఆ మడత తన కంచంలో ఉంది.

ఒక టోపీ నోట్లో పెట్టుకుంది. పిండి కొంచెం మందంగా ఉంది. ముద్దలో జాజికాయ ఒక చిటికె ఎక్కువైంది. అమ్మ అలాగే వేసేది. నీళ్ళు తాగింది.

"ఒస్వాల్దో."

"వంక పెట్టకూడదని ముందే చెప్పా."

"ఇవి ఎవరు చేశారు?"

"కొత్తావిడ. వచ్చి ఆరు వారాలైంది." అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "చూడు అక్కా, నీలా ఎవరూ..."

"అది కాదు. ఈ మడత చూసి గార్దెంగి గారు ఏమనలేదా?"

"అనకపోవడమేం! ముచ్చటపడ్డాడు. వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లల్లా ఉన్నాయి, ఇలాగే ఉండనీ, మార్చొద్దు అన్నాడు. బల్లల దగ్గర అందరూ అడుగుతున్నారు కూడా."

తండ్రి మార్పించిన మడతను కొడుకు ముచ్చటపడి ఉంచుకున్నాడు. జెల్మీరాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయింది. అయితే ఆ కోళ్ళ కుండ దేనికోసం? ఆ పద్దెనిమిది క్రిస్మస్‌లు దేనికోసం?

"ఆవిడ పేరు ఆల్బానా?" అంది.

"కాదే. ఔరికా. మోల్దావియా మనిషి. ఇంకా కిందే ఉంటుంది, ఒంటిగంటకి వెళ్ళిపోతుంది. ఎందుకూ?"

గోడ గడియారంలో ఒంటిగంటకు పది నిమిషాలుంది. జెల్మీరా ఒళ్ళోని గుడ్డ బల్ల మీద పెట్టి లేచింది.

"ఎక్కడికి అక్కా? వెనకే గినీ కోడి వస్తోంది!"

"రానీ. దానికి రెక్కలున్నా ఎగిరిపోదుగా."

వంటగది తలుపు తోసుకుని వెళ్ళింది. పండగ గౌను, ముత్యాల చెవిపోగులు, చేతిలో సంచీ. కుర్రాళ్ళు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మూడు మెట్లు. పిండి గది అలాగే ఉంది. కిటికీ కింద అదే పలక. గోడకు అదే కర్ర. నలభై అయిదేళ్ళ మనిషి ఒకావిడ ఏప్రన్ విప్పుకుంటోంది. ఎర్రటి బుగ్గలు, జుట్టుకు గుడ్డ కట్టుకుని ఉంది.

"అమ్మా, ఇటు కాదు, బాత్రూం పైన" అంది.

"ఆ మడత నీకు ఎవరు నేర్పారు?"

ఔరికా చేతులు ఆగిపోయాయి. ఆమెను పైనుంచి కిందికి చూసింది. పలక మీద పడ్డ చూపు మళ్ళీ ఆమె మీదికి వచ్చింది.

"మీరా?" అంది. "జెల్మీరా మీరేనా? దేవుడా, అడిగారు!"

"ఏం అడిగాను?"

"కూర్చోండి, కూర్చోండి. నేను ఆల్బా గారి దగ్గర ఉంటాను. రాత్రీ పగలూ. రెండేళ్ళు దాటింది. ఆవిడకి పక్షవాతమండి, కుడి పక్కంతా. మీకు తెలీదా?"

జెల్మీరా అక్కడున్న ముక్కాలి పీట మీద కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళు కూర్చున్న పీటే. ఎత్తు సరిపోలేదనిపించింది.

"ఒక చెయ్యే పనిచేస్తుంది, ఎడంచెయ్యి. దాంతోనే నాకు నేర్పింది. ఎదురుగా కూర్చుని, తప్పు చేస్తే చెంచాతో వేళ్ళ మీద కొడుతుంది. ఇక్కడ మనిషి కావాలన్నారని తెలిసి ఆవిడే పంపింది, పొద్దున్న పూట వెళ్ళి రా అని. ఒక మాట చెప్పి పంపింది. 'అక్కడొక మనిషి ఉంటుంది. మడత ఎవరు నేర్పారని అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పకు. అడగలేదంటే అక్కర్లేదనే కదా' అని."

"నేను సెప్టెంబరులోనే మానేశాను."

"నేనూ అదే చెప్పానమ్మా! ఆవిడ అక్కడ లేదు అని చెప్తే నమ్మదే. 'అది ఆ గదిలోంచి నలుగురు మోసుకొస్తే తప్ప బయటికి రాదు. చూసే ఉంటుంది. చూసి కూడా అడగలేదు' అంటుంది. రోజూ నేను గుమ్మంలో కాలు పెట్టగానే 'అడిగిందా?' అంటుంది. లేదంటే మొహం గోడకి తిప్పుకుంటుంది. మీకు రెండు పేర్లున్నాయండీ ఆవిడ దగ్గర. ఒకటి జెల్మీరా. రెండోది వంటగదిలో అనకూడదు."

ఆరు వారాలు. ఈ ఆరు వారాలూ తాను ఇంట్లో రేడియో పెట్టుకుని, భుజానికి తైలం రాసుకుని, నన్ను తలుచుకునేవాళ్ళు ఎవరున్నారని దేవుణ్ణి నిష్ఠూరమాడుతోంది. ఊరికి అవతల, ఊరి చుట్టూ ఉన్న పాత గోడ పక్క వీధిలో, ఒకరు ప్రతి మధ్యాహ్నం తన కోసం అడుగుతున్నారు. అమ్మకు ఎడమచెయ్యి ఇచ్చిందీ నువ్వే, అది వంకరని నాచేత అనిపించిందీ... కాదు, అది నువ్వు కాదు ప్రభువా, నేనే.

"మీరే వచ్చెయ్యండి. పదినిమిషాల దూరం" అంది ఔరికా.

"వద్దు" అంది గభాలున. ఆ గుమ్మంలో నిలబడితే, చెల్లెలు ముఖం గోడకు తిప్పుకుంటే, అక్కడినుంచి తిరిగి రావడం ఎలాగో ఆమెకు తెలియలేదు. "పిండి ఉందా?"

తడిగుడ్డ కింద నాలుగు చదరాలు మిగిలాయి. గిన్నె అడుగున కొంచెం ముద్ద. జెల్మీరా చేతులు కడుక్కుంది. ముద్ద పెట్టింది, త్రికోణంగా మడిచింది, కొసలు వేలి చుట్టూ తెచ్చింది. కుడి కొస పైకొచ్చింది. విప్పింది. రెండోది చేసింది. మళ్ళీ కుడి కొసే. మూడోది బలవంతంగా తిప్పబోతే చిరిగి, గుమ్మడి ముద్ద బయటికొచ్చింది. ఔరికా నాలుగోది ముందుకు జరిపింది.

జెల్మీరా కళ్ళు మూసుకుంది. అమ్మ మోచెయ్యి తన మోచేతికి తగులుతూ ఉండేది, మడత వేసిన ప్రతిసారీ. ఆ తగులుడు కోసం చూసింది. ఎడమ కొస మెల్లిగా పైకి వచ్చి కూర్చుంది. టోపీ ఒక పక్కకు ఒరిగి, తాగినవాడి తలమీద టోపీలా ఉంది. అయినా ఎడమ మడతే.

దాన్ని పిండి చల్లిన గుడ్డలో చుట్టి ఔరికాకు ఇచ్చింది.

"ఆవిడకియ్యి. ఏం చెప్పకు. అడిగిందని మాత్రం చెప్పు."

పైకి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. గౌను మోకాలి మీద పిండి అంటింది, దులుపుకోలేదు. గినీ కోడి చల్లారిందని ఒస్వాల్దో తీసుకెళ్ళి, మళ్ళీ వేడిగా తెచ్చాడు. పెళ్ళిరోజు జంట గ్లాసులు తాకించుకున్నారు. కిటికీ అవతల పొగమంచు అద్దానికి ఆనుకుని నిలబడింది. జెల్మీరా మాంసం ముక్కలు కోసింది, నమిలింది, మింగింది. బాగుంది. ఇంత బాగున్నది తింటూ బాగుందని చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో ఆ హాలు కట్టినవాళ్ళు ఎరగరు అనుకుంది.

ఇప్పటికి ఔరికా సైకిలు దిగి ఉంటుంది. ఇప్పటికి తలుపు తీసి ఉంటుంది. గుడ్డ విప్పి ఉంటుంది. ఒక వంకర టోపీ కూడా ప్రార్థనేనా ప్రభువా? ఉడకబెట్టనిది, ఉప్పు లేనిది?

రొట్టె కొమ్ము ఒకటి విరిచి ముక్కలు ముక్కలు చేసింది. తినలేదు. ఒంటిగంటన్నర దాటింది. గోడకు తిప్పుకున్న ముఖం ఆమె కళ్ళ ముందు కదిలింది.

తలుపు దగ్గర బల్ల మీద ఫోను మోగింది. ఒస్వాల్దో తీశాడు. "గార్దెంగి" అన్నాడు. తరవాత "ఆఁ?" అన్నాడు. తరవాత ఫోను వంక వింతగా చూసి పెట్టేసి, హాలు దాటి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఎవరో ఆవిడ. మాట ముద్దముద్దగా ఉంది, సరిగ్గా అర్థం కాలేదు. 'టోపీ వంకరగా ఉందని మా అక్కకి చెప్పు' అంది. అని పెట్టేసింది." అతను తల గోక్కున్నాడు. "నీకు చెల్లెలుందా? ఇరవై రెండేళ్ళ నుంచి నీ మోకాళ్ళ నొప్పులు కూడా నాకు చెప్పావు. చెల్లెలి సంగతి చెప్పలేదేం?"

"మా అక్క అందా?"

"అదొక్కటే స్పష్టంగా వినబడింది."

జెల్మీరా గుడ్డతో ముఖం తుడుచుకుంది. అతను పక్కకు తిరిగి, అక్కర లేకపోయినా పక్క బల్ల మీది చెంచాలు సర్దాడు.

"కోటు తీసుకురా" అంది చివరికి.

"తీపి తినవా? చాక్లెట్ కేకు. నీకోసమే చేయించాడు."

"రెండు ముక్కలు కట్టివ్వు."

"అక్కా, ఇది గార్దెంగి. ఇక్కడ పొట్లాలు కట్టరు."

"ఇవాళ కడతారు. నేను అతిథిని."

ఒస్వాల్దో మేడ వంక చూశాడు. లోపలికి వెళ్ళి, వెండి ట్రే మీద, తెల్ల గుడ్డలో కట్టిన పొట్లం తెచ్చాడు. వంగి, "చిత్తం అమ్మగారూ" అన్నాడు. ఈసారి నోరు తిరిగింది.

వెనక సందులో సైకిలు తడిసి ఉంది. పొట్లం బుట్టలో పెట్టి, ఎడమచేత్తో హ్యాండిలు పట్టుకుని ఊరి గోడ పక్క చెల్లెలి వీధి వైపు నడిచింది. అడుగు ముందు అడుగు తప్ప ఏమీ కనబడటం లేదు. గుమ్మంలో మొదట ఏమనాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు. పిండి ఎండిపోయిందే, అందుకే అలా వచ్చింది అందామనుకుంది. కొంత దూరం ఆ మాటే పట్టుకుని నడిచింది. చర్చి మలుపు దగ్గరికి వచ్చేసరికి దాన్ని వదిలేసింది.

"వంకరే" అంది పైకి. మళ్ళీ అంది, "అవునే ఆల్బా, వంకరే."

మంచులోంచి సైకిలు మీద వెళ్తున్న ముసలాయన ఎవరో గంట కొట్టి, "నాతోనా అమ్మా?" అని అడిగాడు.

"మీతో కాదు లెండి" అని జెల్మీరా ముందుకు నడిచింది.